పగాని కార్ల కంపెనీ వారి టైటానియం బోల్టు గారికి

మహారాజశ్రీ బోల్టు గారికి, ఇటలీలోని మోదెనా నుంచి ఒక పాత చిన్న కారు ఓనరు నమస్కరించి రాయునది ఏమనగా,

ఉభయకుశలోపరి. ఇక్కడ నేను క్షేమం. నా కారు క్షేమం కాదు.

ఇంజిన్ కింద ఉండే ప్లాస్టిక్ కవరు ఒక పక్క ఊడి, రోడ్డుకు రాసుకుంటూ బరబరమంటోంది. పోయిన వారం సర్వీసింగ్ చేయించాక మొదలైన రోగం ఇది. నిన్న మళ్లీ తీసుకెళితే మధ్యాహ్నం రెండింటికల్లా రెడీ అన్నారు. ఏ గ్యారేజో చెప్పను. మళ్లీ అక్కడికే పోవాలి.

రెండింటికి వెళితే షట్టర్ దించి ఉంది. భోజనాలట. జులై నెల. బెజవాడ వాణ్ని, ఎండ గురించి నాకు ఎవరూ పాఠాలు చెప్పక్కర్లేదు. అయినా ఈ పో నది మైదానంలో ఉక్క ఉంది చూశారూ, నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఆవిరి మీద ఇడ్లీ అయిపోతాడు. మూడింటికి షట్టర్ లేచింది. "క్వాజీ ప్రోంతా" అన్నాడు మెకానిక్. దాదాపు రెడీ అని అర్థం. మన దర్జీ "కాజాలు కుట్టడమే బాకీ" అంటాడే, అచ్చం అదే మాట. ఐదింటికి కారు చేతికొచ్చింది.

వంగి చూశాను. ఏడు కన్నాలు, మూడు బోల్టులు. మిగతా నాలుగు చోట్ల వైర్లు కట్ట కట్టే నల్ల ప్లాస్టిక్ పట్టీలు బిగించి ఉన్నాయి. ఇదేంటయ్యా అంటే, "కింద ఎవరు చూస్తారు?" అన్నాడు.

ఆ మాట దగ్గరే తమరు గుర్తొచ్చారు.

గుర్తు రావడానికి ఇంకో కారణం కూడా ఉంది. నేను గట్టు మీద కూర్చుని చెమట తుడుచుకుంటున్నప్పుడు తమ కారు ఒకటి అటుగా వెళ్లింది. వెనక మధ్యలో గుండ్రంగా గుదిగుచ్చిన నాలుగు సైలెన్సర్ గొట్టాలు చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది. తమ ఫ్యాక్టరీ ఉన్న సాన్ చెజారియో ఇక్కడికి 20 కిలోమీటర్లు కూడా లేదు కదా. కంపెనీ పేరు పగాని, కారు పేరు వైరా. ఒకదాంట్లో పగ, ఒకదాంట్లో వైరం. ఇలాంటి వాళ్లతో పేచీ పెట్టుకోకూడదని తెలిసీ రాస్తున్నాను.

ఒక్క వైరా కారులోనే తమరు వెయ్యి మందికి పైగా ఉంటారట. అందరూ టైటానియమే. తుప్పు పట్టరు. బరువు చూస్తే ఉక్కు బోల్టులో 60 శాతం కూడా ఉండరు. అంతవరకు సరే, డబ్బున్నవాళ్ల కారు, వేసుకుంటారు. కానీ తమలో ప్రతి ఒక్కరి మీదా కంపెనీ పేరు చెక్కి ఉంటుందట! ప్రతి ఒక్కరి మీదా! పైకి కనపడే చోట చెక్కారంటే షోకు అనుకుంటాను. ఎక్కడో లోపల, కారు జీవితకాలంలో ఒక మెకానిక్ తప్ప ఎవరూ చూడని చోట ఉండే బోల్టు నెత్తిన కూడా పేరు చెక్కడమేంటండీ? కింద ఎవరు చూస్తారు?

చూడండి, ఒకే ప్రశ్న. ఇక్కడ ఆ ప్రశ్న అడిగి నాలుగు బోల్టులు ఎగ్గొట్టారు. అక్కడ ఆ ప్రశ్నే అడక్కుండా వెయ్యి బోల్టులకు నామకరణం చేశారు.

మిగతావి పెద్దగా పట్టించుకోను. వైరా తాళంచెవి కూడా కారు ఆకారంలోనే ఉంటుంది, పోనివ్వండి. నా తాళంచెవికి టేపు చుట్టి ఉంది, అదీ ఒక ఆకారమే. ఒళ్లంతా ఇటలీ, గుండెకాయ మాత్రం జర్మనీ నుంచి తెచ్చిన మెర్సిడెస్ ఏఎంజీ వారి 12 సిలిండర్ల ఇంజిన్, అదీ మీ ఇంటి విషయం. ఇక మీ మొదటి కారు జోండా. దాని వారసుడిగా వైరా 2011లోనే వచ్చేసింది. అయినా జోండా పోలేదు. ఆ తర్వాతా ఒకటీ అరా పుడుతూనే ఉన్నాయి, 2017లో బార్కెట్టా అని ఇంకో మూడు. వెళ్లొస్తామని లేచి గుమ్మంలో గంటసేపు కబుర్లు చెప్పే చుట్టం కూడా ఇంతకంటే త్వరగా చెప్పులేసుకుంటాడు. 2022లో వచ్చిన కారుకైతే ఏకంగా యుటోపియా అనే పేరు. 864 హార్స్‌పవర్, 1,280 కిలోల బరువు, 20 లక్షల యూరోలు దాటిన ధర. పైకప్పున్న కూపేలు చేసేది 99 మాత్రమే. ఎక్కడా లేని చోటు అని ఆ పేరుకు అర్థం. నాలాంటి వాళ్లు ఆ కారు ఎక్కే చోటు కూడా సరిగ్గా అక్కడే ఉంది.

ఇవన్నీ వదిలేస్తాను. బోల్టును మాత్రం వదల్లేను.

జోండా అంటే అర్జెంటీనాలో వీచే వేడిగాలి. వైరా కూడా అక్కడి కొండల్లో గాలి దేవుడి పేరే. గాలి పేర్లు మీ కార్లకు, గాలి మాత్రం నా కారు కింద కన్నాల్లోంచి. ఏమయ్యా బోల్టూ, మర్యాద చాల్లే ఇక. అసలు నీ పనేంటి? రెండు ముక్కల్ని విడిపోకుండా పట్టుకోవడం. నా కారు బోల్టు పనీ అదే. అది దొంగతనానికో, బద్ధకానికో బలై ఎక్కడో నూనె మడుగులో పడుంటే, నువ్వు పేరు చెక్కించుకుని నగల షాపులో వడ్డాణంలా కూర్చున్నావు. మీరు ఏడాదికి కొన్ని పదుల కార్లు చేస్తారు. పదుల కార్లయితే నేనైనా చెక్కుతాను పేరు! వీధిలో తిరిగే లక్షల కార్లకు చెక్కొద్దు, ఉన్న బోల్టు ఉంచండిరా అంటే ఎవడూ వినడేం?

అలాగని టైటానియం ఉంటేనే బుద్ధి వస్తుందనీ ఒప్పుకోను. మా నాన్న బెజవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో పనిచేశాడు. అడుగున బోల్టు బిగించాక, బయటికొచ్చిన దాని చివర సుత్తితో ఒక దెబ్బ వేసేవాడు. నట్టు ఇక ఊడమన్నా ఊడేది కాదు. అదీ కిందే, ఎవరూ చూడని చోటే. అది మామూలు ఇనుప బోల్టు.

కోపం దిగాక ఇంకో సంగతి కూడా రాయాలనిపిస్తోంది. మీ పెద్దాయన ఒరాసియో పగాని గారి సంగతి. అర్జెంటీనాలో కసీల్దా అనే ఊళ్లో బేకరీ నడిపే ఆయన కొడుకు. ఫాంజియో అంతటి రేసు వీరుడు రాసిచ్చిన ఉత్తరాలు పట్టుకుని ఇటలీ వచ్చాడు, లంబోర్గినీలో పనికి కుదిరాడు. కారు బాడీకి వాడే కార్బన్ ఫైబర్ బట్టను వేడిలో, ఒత్తిడిలో ఉడికించే పెద్ద కుక్కరు లాంటిది ఆటోక్లేవ్. అది కొనండి, రేపటి కార్లన్నీ దీంతోనే అన్నాడు. ఫెరారీకే లేదు, మనకెందుకు అన్నారట. ఈయన సొంతంగా అప్పు చేసి కొన్నాడు. అప్పు చేసి పప్పుకూడు తిన్నవాళ్లను చాలామందిని చూశాను గానీ, అప్పు చేసి కుక్కరు కొన్నవాణ్ని ఈయన్నే విన్నాను. ఆ జర్మన్ ఇంజిన్ వచ్చిందీ ఫాంజియో మాట సాయంతోనే. జోండా పూర్తికాకముందే 1995లో ఫాంజియో పోయాడు. కారుకు ఆయన పేరే పెట్టాలనుకుని, పోయినవాడి పేరు వాడుకోవడం బాగోదని మానుకున్నారట. బోల్టులన్నిటి మీదా సొంత పేరు చెక్కించిన మనిషే ఆ పనీ చేశాడు. దీన్ని ఏమనాలో నాకు తెలియడం లేదు. అందుకే నీ మీద కోపం పూర్తిగా నిలవడం లేదు.

సరే, అసలు విన్నపానికి వస్తాను. మీ షెడ్డులో గీత పడిందనో, చెక్కిన అక్షరం వంకరపోయిందనో పక్కన పారేసిన బోల్టు ఉంటే ఒకటి పంపండి. ఒకటి చాలు. మిగతా మూడింటికీ ప్లాస్టిక్ పట్టీలతో సర్దుకుంటాను. బిగించి, ఆ మెకానిక్‌ను కారు కింద పడుకోబెట్టి చూపిస్తాను.

ఇట్లు,
మూడు బోల్టుల కారు ఓనరు

తా.క.: ఇది మడిచి కవర్లో పెడుతుండగా గ్యారేజీ నుంచి ఫోనొచ్చింది. నా నాలుగు బోల్టులూ దొరికాయట. పొరపాటున వేరే ఎవరి కారుకో బిగించారట. వాళ్ల కారులోనూ ఏదో బరబరమంటోందట. ఇద్దర్నీ రేపు రమ్మన్నారు, రెండింటికి.