ఫారం మీద రాసింది 'వ్యక్తిగత కారణాలు'

"మనుషులు నిలవట్లేదండీ." పెద్దవాళ్లని, మంచం పట్టినవాళ్లని ఉంచి చూసుకునే ఏ కేర్ హోమ్ మేనేజర్ని కదిపినా, వాళ్లని చూసుకునే పనివాళ్ల గురించి ఇదే పాట. నిన్న ఒక మీటింగులోనూ ఇదే విన్నాను. ఇప్పటివాళ్లకి ఓపిక లేదట, సేవాభావం అసలే లేదట. ఒళ్లు మండి రాస్తున్నాను, పోస్ట్ పెద్దదే.

పదేళ్లు ఈ చూసుకునే పనే చేశాను. తర్వాత నాలుగేళ్లు సూపర్‌వైజర్ కుర్చీలో కూర్చున్నాను. కాబట్టి ఈ తిట్లలో నా వాటా నాకుంది.

ముందు ఆ 'సేవ' సంగతి. మంచం దిగలేని మనిషికి పుండ్లు పడకుండా వేళకి పక్కకి తిప్పాలి. మింగలేని మనిషికి పొలమారకుండా చెంచాతో పట్టాలి. మతిమరుపు జబ్బుతో కొట్టబోయే పెద్దాయనతో గొంతు పెంచకుండా మాట్లాడాలి. ఇదంతా నేర్చుకుంటే వచ్చే పనితనం. జీతం ఊసు ఎత్తగానే మాత్రం 'సేవ' అయిపోతుంది! ఇళ్లకి వెళ్లి చూసుకునేవాళ్లకైతే ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి వెళ్లే సమయం చాలాచోట్ల డ్యూటీ లెక్కలోకే రాదు. ఆ కాసేపూ వాళ్లేమైనా షికారుకెళ్తున్నారా?

జీతాలు మా చేతిలో లేవంటారు. సరే. రోస్టర్, అంటే ఎవరికి ఎప్పుడు డ్యూటీ అన్న పట్టీ, ఎవరి చేతిలో ఉంది? రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసి "రేపు నీకు ఆఫ్ అని తెలుసమ్మా, ఒక్క పూట రావా" అని ఎన్నిసార్లు అడిగానో లెక్కలేదు. కాదనలేని వాళ్లెవరో నాకు తెలుసు, వాళ్లకే చేసేదాన్ని. ముందు మానేసిందీ వాళ్లే.

బర్నౌట్, అంటే పనితో సత్తువంతా అయిపోవడం, జబ్బు కాదనీ, పనిచోట ఎడతెగని ఒత్తిడిని సరిగ్గా పట్టించుకోకపోతే వచ్చేదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. మనం మాత్రం డ్యూటీ దిగాక ధ్యానం క్లాసు పెట్టి, రానివాళ్ల పేర్లు రాసుకుంటాం. అక్టోబర్ 29న ఐక్యరాజ్యసమితి సంరక్షణ దినం వస్తే గోడకో పోస్టర్ అంటిస్తాం.

నెదర్లాండ్స్‌లో 2006లో మొదలైన బ్యూర్ట్‌జోర్గ్ అనే, ఇళ్లకి వెళ్లి చూసుకునే సంస్థలో నర్సులు పన్నెండు మందికి మించని జట్లుగా, పైన మేనేజర్ లేకుండా ఎవరు ఎప్పుడు వెళ్లాలో వాళ్లే వేసుకుంటారు. అన్నిచోట్లా కుదురుతుందనను. రోస్టర్ వేసేటప్పుడు మన పనివాళ్లలో ఇద్దర్ని పక్కన కూర్చోబెట్టుకోవడానికి ఏం అడ్డం?

ఇక నన్ను ఇప్పటికీ వదలని విషయం. మా దగ్గర ఒకావిడ ఒక పెద్దాయన్ని మూడేళ్లు చూసుకుంది. గడ్డం గీసేటప్పుడు ఆయన ఏ చెంప నొప్పంటాడో కూడా ఆవిడకే తెలుసు. ఆవిడకి ఆఫ్ ఉన్న రోజు తెల్లవారుజామున ఆయన పోయారు. వాళ్లింటివాళ్లకి చెప్పాం, డాక్టర్ని పిలిచాం, కాగితాలు చూసుకున్నాం, సాయంత్రానికి గది కడిగించాం. మర్నాడు ఆవిడ ఎప్పట్లాగే తలుపు తట్టి, ఆయన్ని పలకరించుకుంటూ లోపలికెళ్లింది. మంచం మీద వేరే మనిషి.

రోస్టర్ కోసం రాత్రి తొమ్మిదింటికి చెయ్యగలిగిన ఫోన్, ఆ రోజు చెయ్యాలని నాకు తట్టనే లేదు.

ఆవిడ ఏమీ అనలేదు. కొత్తాయనకి మొహం తుడిచి, దుప్పటి సర్ది, షిఫ్ట్ మొత్తం చేసి వెళ్లింది. మూడు వారాల తర్వాత రాజీనామా ఇచ్చింది. ఫారంలో 'కారణం' గడి ఖాళీగా వదిలేసింది. ఖాళీగా ఉంటే పైవాళ్లు తిప్పి పంపుతారని, 'వ్యక్తిగత కారణాలు' అని నేనే నింపాను.