ఇంకో వంద ఫీట్లు

మొన్న రాత్రి, హైదరాబాద్‌లో సర్కారు ఉద్యోగాల పరీక్షలకు చదివే ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, ఆరేళ్లయింది అశోక్ నగర్‌కి వచ్చి. వదిలెయ్యాలా, ఇంకో అటెంప్ట్ చూడాలా, ఒక్క ముక్కలో చెప్పు." ఒక్క ముక్కలో చెప్పడం నా వల్ల కాలేదు. ఫోన్ పట్టుకుని అరగంట కూర్చున్నా, నాలుగుసార్లు రాసి చెరిపేశా. ఆ తమ్ముడిలాంటి వాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి ఇక్కడే మొత్తం రాస్తున్నా. పొడుగైతే ఏమనుకోకండి.

నేను 2017లో బీకామ్ అయిపోగానే జగిత్యాల దగ్గర మా ఊరి నుంచి హైదరాబాద్ వచ్చా. అశోక్ నగర్‌లో హాస్టల్, ఒక రూమ్‌లో మూడు మంచాలు. పొద్దున్నే లేచి చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి పోవడం, సీటు కోసం లైన్లో నిలబడటం, దొరక్కపోతే బయట చెట్టు కింద కూర్చుని చదవడం. మధ్యాహ్నం ఐదు రూపాయల భోజనం. 2018 సెప్టెంబర్ 16న వీఆర్వో (గ్రామ రెవెన్యూ అధికారి) పరీక్ష రాశా. 700 పోస్టులు, పది లక్షలకు పైగా దరఖాస్తులు. నాకు రాలేదు. రెండేళ్లకు, 2020లో, రాష్ట్రంలో వీఆర్వో వ్యవస్థనే తీసేశారు. ఏ ఉద్యోగం రాలేదని నేను నెలల తరబడి ఏడ్చానో ఆ ఉద్యోగమే లేకుండా పోయింది. ఆ రోజైనా ఆగి ఆలోచించాల్సింది. ఆలోచించలేదు, తర్వాతి నోటిఫికేషన్ కోసం చూడటం మొదలుపెట్టా.

కరోనాకి ఇంటికి పోయి 2021లో మళ్లీ వచ్చా. 2022 మార్చిలో 80,039 ఉద్యోగాలు భర్తీ చేస్తామని అసెంబ్లీలో ప్రకటన వచ్చిన వారంలోనే మా గల్లీ నిండిపోయింది. హాస్టల్ ఓనర్ రూమ్‌లో నాలుగో మంచం వేశాడు. ఆ ఏడాది డిసెంబర్‌లో 783 పోస్టులతో గ్రూప్-2 నోటిఫికేషన్ వచ్చింది, అయిదున్నర లక్షల మంది అప్లై చేశారు. అంటే ఒక్కో కుర్చీకి దాదాపు 700 మంది. పరీక్ష 2023 ఆగస్టు అన్నారు, నవంబర్ అన్నారు, 2024 జనవరి అన్నారు, ఆగస్టు అన్నారు. చివరికి 2024 డిసెంబర్ 15, 16 తేదీల్లో జరిగింది. నోటిఫికేషన్‌కీ పరీక్షకీ మధ్య రెండేళ్లు. తప్పెవరిదో తేల్చడానికి ఈ పోస్ట్ కాదు, ఆ కోపం అందరికీ ఉంది, నాకూ ఉంది. కానీ ఎంత కోపం వచ్చినా నా రోజు మాత్రం మారలేదు. అదే రూమ్, అదే చెట్టు, అదే లక్ష్మీకాంత్ రాసిన పాలిటీ (రాజ్యాంగం, పాలన) పుస్తకం.

బయటివాళ్లకు అర్థం కానిది ఒకటుంది. ఇరుక్కుపోవడం అంటే పని లేకుండా పడుకోవడం అనుకుంటారు. కాదు. నేను రోజుకు పది, పదకొండు గంటలు చదివేవాణ్ణి. పాలిటీ నాలుగోసారి పూర్తి చేశా. ఏ ఆర్టికల్ అడిగినా నిద్రలో లేపినా చెప్పేవాణ్ణి. మాక్ టెస్టుల్లో మార్కులు మాత్రం రెండేళ్లుగా ఉన్నచోటే ఉన్నాయి. ఎందుకంటే నాకు రానిది ఎకానమీ, వచ్చిన పాలిటీనే మళ్లీ మళ్లీ చదువుతున్నా. వచ్చింది చదువుతుంటే హాయిగా ఉంటుంది, రోజు గడిచినట్టు ఉంటుంది, సాయంత్రం ఇంటికి ఫోన్ చేసి "బాగా చదువుతున్న అమ్మా" అని చెప్పడానికి అబద్ధం ఆడాల్సిన పని ఉండదు. కష్టపడుతున్నా అన్నది నిజమే. ఆ కష్టం నన్ను ఎక్కడికీ తీసుకుపోవట్లేదన్నదీ నిజమే. ఈ రెండోది ఒప్పుకోవడానికి నాకు మూడేళ్లు పట్టింది.

చదువు కాకుండా మిగిలిన టైమంతా వార్తల మీదే పోయేది. ఫోన్లో పద్నాలుగు టెలిగ్రామ్ గ్రూపులు. పోస్టులు పెరుగుతాయంట, డేట్ మారుతుందంట, కోర్టులో కేసు పడిందంట. టీ కొట్టు దగ్గర కూడా ఇదే మాట. ఒక్క 'అంట'తో మధ్యాహ్నం మొత్తం అయిపోయేది. పరీక్ష వాయిదా పడిన రోజు రూమ్‌లో మేం నలుగురం బయటికి తిట్టుకున్నాం గానీ, నిజం చెప్తున్నా, లోపల నాకు కొంచెం ఊరట అనిపించింది. ఫలితం ఇంకో మూడు నెలలు తెలియక్కర్లేదు కదా అని. ఆ ఊరట చూసి నాకే భయం వేసింది.

2023 అక్టోబర్‌లో రెండోసారి వాయిదా పడ్డాక రూమ్ సర్దుదామని కూర్చున్నా. మంచం కింద కరెంట్ అఫైర్స్ మ్యాగజైన్లు, నెలకొకటి చొప్పున, కొన్ని నెలల్లో రెండేసి. వాటిని సంచిలో వేసి పాత పేపర్లు కొనే దుకాణానికి తీసుకుపోయా. ఆయన కాంటా మీద పెట్టాడు. 31 కిలోలు. పైన ఉన్నది 2018 జూన్ సంచిక, అండర్‌లైన్ చేసిన ఎరుపు గీతలు, పక్కన మార్జిన్‌లో నా చేతిరాత, "ముఖ్యం" అని మూడుసార్లు రాసుకున్నా. ఎవరికి ముఖ్యం? ఆ పేజీలో ఉన్న మంత్రులు మారిపోయారు, అవార్డులు మారిపోయాయి, సూచీల్లో ర్యాంకులు మారిపోయాయి. ఆయన కిలో లెక్కన డబ్బులు చేతిలో పెడుతూ "ఇంకేమన్న ఉన్నయా?" అని అడిగాడు. లేవన్నా. రూమ్‌కి వచ్చి హాల్ టికెట్ల ఫైల్ తీశా. 2018 నుంచి 2023 దాకా అన్నింటి మీదా ఫొటోలో అదే నీలం చొక్కా.

ఆ దసరాకి ఇంటికి పోయా. మా బాపు మాట్లాడే మనిషి కాదు. పండుగ తెల్లారి పొలం కాడికి తీసుకుపోయి, ఎండిపోయిన మూడో బోరు పైపు పక్కన కూర్చున్నాడు.

"ఇది ఎన్ని ఫీట్లు ఏపిచ్చినం రా?"

"మూడు వందలు కద బాపూ."

"రెండు వందల కాడనే ఉత్త దుమ్ము లేసింది. బోరు బండోడు ఆపుదమా అన్నడు. నేనే ఇంకో వంద పొమ్మన్న. నీళ్లు పడతయని కాదు బిడ్డా. అప్పటిదాక పోసిన పైసలు కండ్ల ముంగట తిరిగినయ్."

నేనేం మాట్లాడలేదు. కాసేపాగి ఆయనే అన్నాడు. "సదువు ఇడిసిపెట్టుమంటలేను. ఎంత లోతు దాక పోతవో ముందుగాల అనుకో. అనుకొని నాకు చెప్పు."

ఆ మూడో బోరు అప్పు తీరడానికి మాకు నాలుగేళ్లు పట్టింది. ఆ తర్వాత బాపు ఆ రెండెకరాల్లో వరి మానేసి కంది, పెసర వేశాడు. అప్పట్లో ఊళ్లో కొందరు ఓడిపోయిండు అన్నారు. ఆయన పట్టించుకోలేదు.

ఆరేళ్లలో నేను విన్న ఏ మోటివేషన్ క్లాసూ ఆ నాలుగు మాటల ముందు నిలబడదు. నిజానికి ఆ క్లాసుల మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. "పట్టు వదలకు, ఇంకొక్క అడుగు దూరంలోనే ఉంది" అని మైకులో చెప్పే మనిషికి నీ మాక్ టెస్ట్ మార్కులు తెలియవు, మీ ఇంటి అప్పు తెలియదు, నీ వయసు తెలియదు. ఎనిమిదో అటెంప్ట్‌లో కొట్టినవాణ్ణి స్టేజీ మీద కూర్చోబెట్టి దండ వేస్తారు. ఎనిమిది అటెంప్ట్‌లు రాసి ఉత్త చేతులతో ఊరికి పోయినవాళ్లను ఏ స్టేజీ ఎక్కిస్తారు? వాళ్లే ఎక్కువమంది కదా, లెక్క చూడండి, 700 మందిలో ఒక్కరు. ఇంకో రకం వాళ్లుంటారు, "కంఫర్ట్ జోన్ నుంచి బయటికి రా" అంటారు. నల్లులున్న మంచం మీద, నలుగురికి ఒక్క ఫ్యాన్ ఉన్న రూమ్‌లో, ఐదు రూపాయల అన్నం కోసం లైన్లో నిలబడేవాడికి ఏం కంఫర్ట్ ఉందని? మేం అక్కడ ఆగిపోయింది సుఖం మరిగి కాదు. ఇన్నేళ్లు పోశాం కాబట్టి.

బాపుకి వారం తర్వాత ఫోన్ చేసి చెప్పా. ఈ గ్రూప్-2 ఎప్పుడు పెడితే అప్పుడు రాస్తా, అదే ఆఖరు. కానీ అప్పటిదాకా ఉత్తగా ఎదురుచూడను, పని చేస్తా. ఈ మాట నాలో నేను ఇంతకుముందు పదిసార్లు అనుకున్నదే. ఇంకో మనిషికి నోటితో చెప్పడం మాత్రం అదే మొదటిసారి. చెప్పాక వెనక్కి పోవడం కష్టమైంది, అదే మంచిదైంది.

నవంబర్‌లో కరీంనగర్ వచ్చి ఒక ట్యాక్స్ కన్సల్టెంట్ ఆఫీసులో చేరా. జీతం తొమ్మిది వేలు. ఇరవై ఏడేళ్లకి తొమ్మిది వేలు. నాతో డిగ్రీ చదివినవాళ్లు అప్పటికే నలభై, యాభై తీసుకుంటున్నారు. మొదటి రెండు నెలలు నరకం, ఏదీ రాదు, నాకంటే ఐదేళ్లు చిన్నమ్మాయి దగ్గర టాలీ (అకౌంట్లు రాసే సాఫ్ట్‌వేర్) నేర్చుకున్నా. ఆమె ఓపిగ్గా నేర్పింది, ఆమెకు నేను రుణపడి ఉంటా. మొదటి జీతంలో రెండు వేలు అక్కకు పంపితే ఫోన్ చేసి, "నాకెందుకురా తమ్మీ పంపినవ్" అని అడిగి, తర్వాత ఏం మాట్లాడకుండా ఊకుంది. ఆరేళ్లు ప్రతి నెలా నాకు డబ్బులు పంపింది ఆమె.

మీకు ఒకటి గట్టిగా చెప్పాలనుంది. ముందు మనసు మారాలి, అప్పుడు జీవితం మారుతుంది అని నేను ఏళ్ల తరబడి నమ్మా. నా విషయంలో తలకిందులుగా జరిగింది. పొద్దున తొమ్మిదిన్నరకు ఒకచోట ఉండాల్సి రావడం, నా కోసం ఎవరో ఎదురుచూడటం, నేను చేసిన పని సాయంత్రానికి పూర్తవడం, వీటితో రాత్రి నిద్ర పట్టడం మొదలైంది. నిద్ర పట్టాక ఎకానమీ తలకెక్కింది. పొద్దున రెండు గంటలు, రాత్రి గంటన్నర, అంతే చదివా. ఆఫీసులో జీఎస్టీ పని చేస్తూ చేస్తూ, పుస్తకంలో బట్టీ పట్టినా ఎక్కని పన్నుల చాప్టర్ ఊరికే అర్థమైపోయింది. మార్కులు రెండేళ్లలో మొదటిసారి కదిలాయి. టెలిగ్రామ్ గ్రూపులన్నీ తీసేశా, పరీక్ష తేదీ పేపర్లో చూసుకున్నా, కొంపలేం మునగలేదు.

ఇది అందరికీ ఇలాగే కుదురుతుందని అనను. ముఖ్యంగా అమ్మాయిల సంగతి వేరు. మా పక్క హాస్టల్‌లో ఉండే ఒకామె, ఊరికి తిరిగిపోతే ఆ నెలలోనే పెళ్లిచూపులు అని చెప్పేది. ఆమెకు ఆ రూమ్ ఒక్కటే తన చేతిలో ఉన్న చోటు. అలాంటివాళ్లతో "వదిలేసి ఇంటికి పో" అనడం క్రూరత్వం. వాళ్లకు నేను చెప్పేది ఒకటే, హైదరాబాద్‌లోనే ఉంటూ చిన్నదైనా సరే ఏదో ఒక సంపాదన పెట్టుకోండి, ట్యూషన్ అయినా, డేటా ఎంట్రీ అయినా. రూమ్ రెంట్ మీరే కట్టే రోజున ఇంట్లో మీ మాటకు బరువు పెరుగుతుంది.

ఇంకొకటి. చదువు సాగకపోవడం వేరు, బతకాలనిపించకపోవడం వేరు. రెండోది అనిపిస్తుంటే ఈ పోస్ట్ పక్కన పెట్టి 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అంటారు, ఉచితం, రాత్రి పగలు ఎప్పుడైనా, తెలుగులోనే మాట్లాడతారు. 2023 వేసవిలో మా రూమ్మేట్ ఒకడు మూడు రోజులు అన్నం ముట్టకపోతే మేం ముగ్గురం "టెన్షన్ లేరా, అదే పోతది" అన్నాం. అలా అనకూడదని ఇప్పుడు తెలుసు. వాడు ఇప్పుడు బాగున్నాడు, గ్రూప్-4లో జూనియర్ అసిస్టెంట్ వచ్చింది, ఆ ఉద్యోగానికి వాడు అన్ని విధాలా అర్హుడు.

అందుకే ఆ తమ్ముడికి వదిలెయ్యి అని గానీ, వదలకు అని గానీ రాయలేదు. ఒక ప్రశ్న పంపా. వచ్చే అటెంప్ట్‌లో, పోయినసారి లేనిది ఏముంటుంది? రాని సబ్జెక్టుకి కొత్తగా చెప్పే మనిషి దొరికాడా, రోజూ జవాబులు దిద్దేవాళ్లు ఉన్నారా, చేతిలో డబ్బులున్నాయా, ఆరోగ్యం మెరుగైందా? ఏదో ఒకటి ఉంటే రాయి, నేను కూడా ఆశపడతా. "ఈసారి ఇంకా గట్టిగా చదువుతా" అన్నది ఒక్కటే జవాబైతే అది ఇంకో వంద ఫీట్లే. ఇంకా జవాబు రాలేదు. ఆలోచించుకుంటున్నాడేమో, తొందరేం లేదు.

నేను డిసెంబర్ 15, 16న గ్రూప్-2 నాలుగు పేపర్లూ రాశా. రాలేదు. ఫలితం చూసిన రోజు చాలా బాధపడ్డా, దాచను, కానీ ఆ బాధ వారంలో తగ్గింది, 2018లో లాగ నెలలు పట్టలేదు. పరీక్ష అయిన రాత్రి సికింద్రాబాద్ జేబీఎస్ బస్టాండ్‌లో బస్సెక్కి తెల్లారేసరికి కరీంనగర్‌లో దిగా. 17వ తేదీ. 20 లోపు జీఎస్టీ 3బి రిటర్నులు వేయాలి, ఇంకా పదకొండు మందివి మిగిలున్నాయి. ఆఫీసు తాళం తీసేసరికి హార్డ్‌వేర్ షాపాయన మెట్ల మీద కూర్చుని ఉన్నాడు, పర్చేజ్ బిల్లులన్నీ రబ్బర్ బ్యాండ్ వేసి ఒక క్యారీ బ్యాగ్‌లో తెచ్చాడు. "ఎగ్జామ్ ఎట్ల రాసినవ్ సారూ?" అన్నాడు. బానే రాసిన అన్నా, పోయిన నెల బిల్లులు రెండు తక్కువున్నయి, అవి కూడా తీసుకురమ్మన్నా.