లెక్కలు చూసేవారి మార్కుల లెక్క

2024 నవంబరు సీఏ (చార్టర్డ్ అకౌంటెంట్) ఫైనల్ పరీక్షల్లో 600కు 508 మార్కులు తెచ్చుకుని హైదరాబాద్, తిరుపతి అభ్యర్థులిద్దరు దేశంలో మొదటి ర్యాంకును పంచుకున్నప్పుడు తెలుగు రాష్ట్రాలు సంబరపడ్డాయి. ఆ ఫలితాల్లోనే, రెండు గ్రూపులూ కలిపి రాసిన 30,763 మందిలో గట్టెక్కినవారు 4,134 మంది, అంటే 13.44 శాతం. అదే ఏడాది మే నెల పరీక్షల్లో ఈ శాతం 19.88. ఆరు నెలల్లో ఇంత తేడా ఎందుకొచ్చిందని అడిగితే పేపర్లు కఠినంగా ఇచ్చారనేవారు కొందరు, సన్నద్ధత తగ్గిందనేవారు కొందరు, పాసయ్యేవారి సంఖ్యను ముందే ఖరారు చేసుకుంటారనేవారు మరికొందరు. చివరి మాటకు నిబంధనల్లో ఎక్కడా ఆధారం లేదు. అయినా అది గుంటూరు, విజయవాడ కోచింగ్ సంస్థల నుంచి హైదరాబాద్ ఆడిట్ ఆఫీసుల దాకా ఏళ్ల తరబడి నలుగుతూనే ఉన్నదంటే, మార్కుల విధానంలో ఏదో ఒక భాగం అభ్యర్థులకు కనపడకుండా ఉన్నదనే అర్థం చేసుకోవాలి.

కనపడే భాగం నిజానికి చాలా స్పష్టంగా ఉంది. సీఏ ఇంటర్మీడియెట్‌లోనూ ఫైనల్‌లోనూ గ్రూపుకు మూడేసి పేపర్ల చొప్పున రెండు గ్రూపులు, పేపరుకు 100 మార్కులు. ప్రతి పేపరులో కనీసం 40, గ్రూపు మొత్తం మీద సగం, అంటే 150 రావాలి. ఈ రెండు షరతులూ కలిసి పనిచేసే తీరు బయటివారికి వింతగా తోస్తుంది. 40, 40, 70 తెచ్చుకున్న అభ్యర్థి సరిగ్గా 150తో ఒడ్డున పడతాడు. 45, 46, 50 తెచ్చుకున్నవాడు ఏ పేపరులోనూ తప్పకపోయినా మొత్తం 141 దగ్గర ఆగిపోయి, మూడు పేపర్లూ మళ్లీ రాయాలి. 'ఎగ్రిగేట్ పోయింది' అని విద్యార్థులు నిట్టూర్చేది ఈ స్థితి గురించే. 68, 39, 55 వచ్చినవాడికి మొత్తం 162 ఉన్నా ఒక్క మార్కు దెబ్బకు గ్రూపు పోతుంది. కాకపోతే 60 గానీ అంతకు మించి గానీ వచ్చిన పేపరుకు తదుపరి మూడు పరీక్షల వరకు మినహాయింపు ఉంటుంది కాబట్టి, అతడు ఆ 68ని వెంట తీసుకువెళ్లి మిగిలిన రెండింటిలో, ఏ ఒక్కటీ 40కి తగ్గకుండా, 82 తెచ్చుకుంటే సరిపోతుంది.

రెండు గ్రూపులూ ఒకేసారి రాసేవారికి మరో వెసులుబాటు ఉంది. ఒక గ్రూపులో 145, రెండో గ్రూపులో 160 వస్తే మొత్తం 305 కనుక, పేపరుకు 40 తగ్గనంతవరకు రెండూ పాసైనట్టే. అదే 145ను విడిగా రాసి తెచ్చుకుంటే తప్పినట్టే. ఒక గ్రూపా, రెండు గ్రూపులా అన్న నిర్ణయంలో చదువుతో పాటు ఈ లెక్క కూడా ఉందన్నమాట. ఆర్టికల్‌షిప్ (ఆడిటర్ల దగ్గర తప్పనిసరి శిక్షణ) చేస్తూ చదువుకునే పిల్లలకు ఈ సంగతి సీనియర్ల నోట కాకుండా పరీక్షలు నిర్వహించే సంస్థ ఐసీఏఐ నుంచే, ఉదాహరణలతో సహా, మొదటి రోజే అందాలి.

అసలు చిక్కు దీని తర్వాత మొదలవుతుంది. 2024 మే నుంచి అమల్లోకి వచ్చిన కొత్త విధానంలో చాలా పేపర్లలో 30 మార్కులు బహుళైచ్ఛిక ప్రశ్నలకు, 70 మార్కులు వివరణాత్మక సమాధానాలకు కేటాయించారు. మొదటి భాగంలో ఎవరు దిద్దినా ఒకటే. ఇంటర్, ఫైనల్ స్థాయుల్లో తప్పు జవాబుకు కోత కూడా లేదు. రెండో భాగంలో మనిషి తీర్పు తప్పదు. సర్దుబాటు పద్దు సరిగా రాసి చివరి అంకె తప్పిన జవాబుకు ఒకరు మూడు వేస్తారు, మరొకరు ఒకటితో సరిపెడతారు. వేల జవాబు పత్రాలు ఎందరో పరీక్షకుల మధ్య పంచినప్పుడు ఈ తేడాను సరిదిద్దేందుకే మోడరేషన్, అంటే మార్కుల సవరణ, అవసరమవుతుంది. ఒకే సబ్జెక్టును పలువురు దిద్దినప్పుడు మోడరేషన్ తగిన మార్గమని, వేర్వేరు సబ్జెక్టుల మధ్య సమానత కోసం చేసే స్కేలింగ్ అందుకు భిన్నమైనదని ఉత్తర్‌ప్రదేశ్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ కేసులో సుప్రీంకోర్టు 2007లోనే విడమరచి చెప్పింది.

1988 నాటి చార్టర్డ్ అకౌంటెంట్ల నిబంధనల్లో 39(2) ఇందుకే ఉంది. అభ్యర్థులందరి మార్కులనో, వారిలో ఒక వర్గం మార్కులనో, ఒక పేపరులో గానీ మొత్తంలో గానీ సవరించే విచక్షణాధికారం దాని ప్రకారం సంస్థ పాలకమండలి అయిన కౌన్సిల్‌కు ఉంది. అధికారం ఉండటాన్ని మేము తప్పుపట్టడం లేదు. దారి తప్పిన పేపరు, చేయి బిగిసిన పరీక్షకుడు ఏ పరీక్షలోనైనా ఉంటారు. సవరించే వీలు లేకపోతే నష్టపోయేది అభ్యర్థే. అయితే ఈ అధికారాన్ని వాడారో లేదో, వాడితే ఏ పేపరులో ఎంత మేరకో ఫలితాలతో పాటు చెప్పే ఆనవాయితీ లేదు. హాజరైనవారెందరు, పాసైనవారెందరు, శాతమెంత అన్న పట్టికతో ప్రకటన ముగుస్తుంది. ఇతరుల ఖాతాల్లో ఒక అంకె మారితే కింద వివరణ ఎక్కడని నిలదీసే వృత్తి ఇది. సొంత మార్కుల పట్టికకు ఆ నియమం వర్తించదని అనుకోవడం ఎబ్బెట్టుగా ఉంది.

ఈ విషయం న్యాయస్థానం ముందుకు రాకపోలేదు. సమాచార హక్కు కింద దాఖలైన దరఖాస్తుపై 2011 సెప్టెంబరులో తీర్పునిస్తూ సుప్రీంకోర్టు, పరీక్షకులకిచ్చే రహస్య సూచనలను వెల్లడించనక్కర్లేదంటూనే, 39(2) కింద సవరణకు ప్రామాణిక కొలమానాలేవైనా ఉంటే వాటిని తెలపాలని సంస్థను ఆదేశించింది. దానికి ముందు నెలలోనే సీబీఎస్ఈ కేసులో, దిద్దిన తన జవాబు పత్రాన్ని చూసుకునే హక్కు అభ్యర్థికి ఉందని అదే కోర్టు తేల్చింది. నేడు సర్టిఫైడ్ కాపీలు అందుతున్నాయి. కానీ 39(4) కింద జరిగే వెరిఫికేషన్, దిద్దకుండా వదిలేసిన జవాబులు, కూడికలో పొరపాట్ల వరకే పరిమితం. మూడు మార్కులకు తగిన జవాబుకు ఒకటే వేశారని కాపీలో కళ్లారా కనిపిస్తున్నా, మళ్లీ దిద్దించుకునే దారి లేదు. 2019 సెప్టెంబరులో ఢిల్లీలోని సంస్థ కార్యాలయం ముందు విద్యార్థులు రోజుల తరబడి బైఠాయించింది దీని కోసమే. అప్పుడు సంస్థ కమిటీ వేసింది. పునర్మూల్యాంకనం మాత్రం నిబంధనల్లోకి రాలేదు.

అమెరికాలో సీఏకు సాటి అర్హత అయిన సీపీఏ పరీక్షను హైదరాబాద్ కేంద్రంలో రాస్తున్న మన యువత కొందరు అక్కడి పద్ధతే మేలంటారు. అందులో పాస్ మార్కు 75. అది శాతం కాదు, ప్రశ్నల కాఠిన్యాన్ని లెక్కలోకి తీసుకుని 0 నుంచి 99 కొలబద్ద మీద ఇచ్చే స్కోరు. తోటి అభ్యర్థులు ఎలా రాశారన్నదానితో దానికి సంబంధం లేదు. జవాబు పత్రం చేతికి రాదు, రివ్యూ కోరినా స్కోరు మారడం అరుదు. అయితే స్కోరు ఎలా తయారవుతుందో నిర్వాహక సంస్థ అందరికీ అర్థమయ్యే భాషలో ముందే ప్రచురిస్తుంది. అరువు తెచ్చుకోవలసింది ఆ ఒక్క అలవాటే.

కోరదగినవి రెండున్నాయి. ఫలితాలకు ముందే, 35 నుంచి 39 మధ్య ఆగిన పత్రాలను మొదటి మార్కులు కనపడకుండా రెండో పరీక్షకుడి చేత దిద్దించాలి. ఫలితాలతో పాటు పేపరువారీగా మార్కుల విస్తరణను, 39(2) వినియోగ వివరాలను ఒక పేజీలో ప్రకటించాలి. పునర్మూల్యాంకనానికైతే నిబంధనను సవరించి కేంద్రం ఆమోదం పొందాలి, దానికి సమయం పట్టవచ్చు. వివరాల ప్రకటనకు అడ్డుపడే నిబంధన మాకు కనిపించలేదు. ఫైనల్ కూడా 2025 నుంచి జనవరి, మే, సెప్టెంబరు నెలల్లో ఏడాదికి మూడుసార్లు జరుగుతున్నందున, కౌన్సిల్ తీర్మానించుకుంటే రానున్న ఫలితాలతోనే ఆ పేజీ వెలువడవచ్చు.