4294967297 గారికి బహిరంగ లేఖ

అయ్యా 4294967297 గారూ,

మీ వంశం మాకు తెలుసు. రెండును వరుసగా 1, 2, 4, 8, 16 ఘాతాలకు పెంచి ఒకటేసి కలిపితే పుట్టినవారు 3, 5, 17, 257, 65537. ఐదుగురూ నికార్సయిన ప్రధాన సంఖ్యలే. ఆరోవారు మీరు, 2³² + 1. 1640లో ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా మీ అన్నలను చూసి, ఇంటిల్లిపాదీ ప్రధాన సంఖ్యలేనని నమ్మేశారు. రుజువు తన దగ్గర లేదని ఆయనే రాశారు లెండి. ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు అన్న సామెత ఆయన చెవిన పడకపోవడం మీ అదృష్టం.

92 ఏళ్లు దర్జాగా గడిపారు. చివరి అంకె 7, అంకెల మొత్తం 59, కాబట్టి 2, 3, 5లకు దొరకరు. 7, 11లకూ అంతే. 65536 లోపున్న 6542 ప్రధాన సంఖ్యలతో భాగిస్తూ ఎవడు కూర్చుంటాడని మీ ధీమా. 1732లో స్విస్ గణితజ్ఞుడు ఆయిలర్ మిమ్మల్ని నిశ్శేషంగా భాగించే 641ని పట్టుకొచ్చారు. మీ ప్రధాన కారణాంకం ఏదైనా సరే, 64తో భాగిస్తే శేషం 1 రావాలని తర్వాత ఆయనే నిరూపించారు. అలాంటి ప్రధాన సంఖ్యల్లో 193, 257, 449, 577 దాటితే ఐదోదే 641! 1878లో ఫ్రెంచి గణితజ్ఞుడు లూకా ఆ 64ను 128 చేసి బిగించాక 641 దాకా మిగిలేవి రెండే: 257, 641. అందులో 257 మీ అన్నగారు. ఆయనతో భాగిస్తే శేషం 2, ఎందుకంటే మీరు అన్నలందరి లబ్ధం కన్నా సరిగ్గా 2 ఎక్కువ.

అసలు భాగహారమే అక్కర్లేదు. 641 అంటే 5 × 2⁷ + 1. కనుక 641తో భాగించి శేషాలు చూసేటప్పుడు 5 × 2⁷ అన్నా −1 అన్నా ఒకటే. నాలుగో ఘాతం తీస్తే 5⁴ × 2²⁸ విలువ 1. అదే 641 మరోపక్క 5⁴ + 2⁴ కూడా. 5⁴ ఉన్నచోట −2⁴ పెట్టండి: −2³² విలువ 1, అంటే 2³² + 1 సున్నా. మీ రెండో ముక్క 6700417.

విడ్డూరమేమిటంటే, మిమ్మల్ని పట్టే వల ఫెర్మా చేతిలోనే ఉంది, అదే 1640లో. మీరు ప్రధానమే అయితే 3ను 2³² ఘాతానికి పెంచి మీతో భాగించినప్పుడు శేషం 1 రావాలి. 32 సార్లు వర్గం చేసి, ప్రతిసారీ శేషం మాత్రం ఉంచుకుంటే చాలు. చివర వచ్చేది 3029026160. కారణాంకాలు తెలియవు గానీ, దొంగతనం రుజువవుతుంది. 3 బదులు 2తో చేస్తే మాత్రం బుద్ధిగా 1 చూపిస్తారు. ఒళ్లంతా రెండ్లే కదా మరి.

తర్వాత మీ వెనకే ఉన్న 27 మంది తమ్ముళ్లను వరసగా తనిఖీ చేశారు. ఒక్కరూ నెగ్గలేదు.

జవాబు రాస్తే 64 బిట్లలో రాయండి. కంప్యూటర్లో ప్లస్, మైనస్ గుర్తు లేని 32 బిట్ల గడిలో పట్టేది 4294967295 వరకే. మిమ్మల్ని అందులో వేస్తే చడీచప్పుడు లేకుండా 1 అయి కూర్చుంటారు. ప్రోగ్రాం మిమ్మల్ని ప్రధాన సంఖ్య కాదనే అంటుంది, అదీ 641తో పని లేకుండానే.