అడగలేనివారి నొప్పి

‘నొప్పి ఉంటే ఇవ్వాలి’. వృద్ధాశ్రమాల్లో మందుల చీటీపై తరచూ కనిపించే ఈ మాటే ఎందరో పెద్దవాళ్లకు మందు అందకుండా చేస్తోంది. అడిగితేనే మాత్ర అన్నమాట. డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచన దెబ్బతినే జబ్బు) ముదిరినవారు అడగలేరు. అడగగలిగినవారిలోనూ చాలామంది ‘ఈ వయసులో మామూలే’ అని ఓర్చుకుంటారు. అరిగిన మోకీళ్లు, పడకపుండ్లు, పుచ్చిన పళ్లు మాత్రం ఊరుకోవు.

కదలకుండా పడుకున్న మనిషిని చూసి ‘నొప్పి లేదు’ అని రాయడం మొదటి తప్పు. పక్కకు తిప్పేటప్పుడు, స్నానం చేయించేటప్పుడు, లేపి కూర్చోబెట్టేటప్పుడు చూడాలి. మాట రానివారి కోసం ‘పెయినాడ్’ అనే కొలమానం ఉంది. శ్వాస తీరు, మూలుగు, ముఖం, ఒంటి బిగువు, ఓదారిస్తే కుదుటపడతారా లేదా అన్నవాటికి తలా 0 నుంచి 2 మార్కులు, మొత్తం 10. అయిదు నిమిషాల పని.

ఆ అయిదు నిమిషాలు మిగుల్చుకుని, నొప్పితో అలజడి పడేవారికి ‘గొడవ చేస్తున్నారు’ అంటూ మత్తుమందు ఇచ్చే చోట్లున్నాయి. నార్వేలో 18 నర్సింగ్ హోముల్లోని 352 మంది డిమెన్షియా రోగులపై జరిగిన అధ్యయనం 2011లో వెలువడింది. 8 వారాలు మెట్లవారీగా, అంటే తేలిక మందుతో మొదలుపెట్టి అవసరమైతే బలమైనదానికి వెళ్తూ, నొప్పికి చికిత్స చేసిన వారిలో అలజడి సగటున 17 శాతం తగ్గింది. వారిలో ఎక్కువమందికి ఇచ్చింది మామూలు పారాసిటమాలే.

ఆ పారాసిటమాల్‌నైనా వేళకు ఇవ్వాలి, నొప్పి ముదిరాక కాదు. బలహీనులకు రోజుకు 3 గ్రాములు దాటకపోవడం మేలు; 50 కిలోల లోపువారికి, కాలేయం దెబ్బతిన్నవారికి ఇంకా తక్కువ మోతాదును డాక్టరే నిర్ణయించాలి. చాలా జలుబు మాత్రల్లోనూ అదే మందు ఉంటుందన్నది తరచూ మరిచిపోయే లెక్క. ఐబుప్రొఫెన్ జాతి మాత్రలు కడుపులో రక్తస్రావం తేవచ్చు, కిడ్నీలను దెబ్బతీయవచ్చు. మోకాలి నొప్పికి ముందు పైపూత జెల్ వాడి చూడవచ్చు. మార్ఫిన్ తరహా బలమైన నొప్పిమందు మొదలుపెడితే విరేచనం సాఫీగా అయ్యే మందూ ఆ రోజే మొదలుకావాలి, లేదంటే మలబద్ధకమే కొత్త నొప్పవుతుంది. చర్మంపై అంటించే ఇలాంటి మందు ప్యాచ్ మీద వేడినీళ్ల సంచి పెడితే మందు ఒక్కసారిగా ఒంట్లోకి దిగుతుంది. పాతది తీయకుండా కొత్తది అంటించడమూ అంతే ప్రమాదం.

పుండుకు కట్టు మార్చే ముందు, వేసిన మాత్ర పనిచేయడానికి అరగంట నుంచి గంట వ్యవధి ఇవ్వాలి. చాలా చార్టుల్లో మందు ఇచ్చిన వేళకు గడి ఉంటుంది, గంట తరవాత ఎలా ఉన్నారో రాయడానికి ఉండదు. యాజమాన్యాలు ఆ గడి పెట్టించాలి. డ్యూటీ మారేటప్పుడు అది ఖాళీగా ఉంటే నర్సు సంతకం చేయకూడదు.