ఇంటర్న్‌షిప్ దరఖాస్తులో జిల్లా కోర్టుకు చోటేది?

లా ఫర్మ్‌లలో ఇంటర్న్‌షిప్ కోసం మన న్యాయవిద్యార్థులు పంపే దరఖాస్తుల్లో చాలా భాగం ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. కార్పొరేట్ చట్టాలంటే తనకు ఎనలేని ఆసక్తి అని మొదటి వాక్యం చెబుతుంది. తమరిది దేశంలోనే అగ్రశ్రేణి సంస్థ అని రెండోది పొగుడుతుంది. కష్టపడే తత్వం, త్వరగా నేర్చుకునే గుణం తనకున్నాయని మూడోది హామీ ఇస్తుంది. సంస్థ పేరొక్కటి మారిస్తే ఆ ఉత్తరం ముంబయిలోనో దిల్లీలోనో ఉన్న మరో పది సంస్థలకు సరిగ్గా సరిపోతుంది. కొందరు ఆ పేరు మార్చడం కూడా మరిచి పంపేస్తుంటారు. జతచేసిన సీవీలో మాత్రం, మూట్ కోర్టు (నమూనా కోర్టు వాదన) పోటీలకూ వెబినార్ సర్టిఫికెట్లకూ దిగువన, ‘జిల్లా కోర్టు న్యాయవాది వద్ద నాలుగు వారాల ఇంటర్న్‌షిప్’ అన్న పొడి వాక్యం ఒకటి కనిపిస్తుంది. తెలుగు రాష్ట్రాల విద్యార్థికి, ముఖ్యంగా జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల బయట చదివే విద్యార్థికి, దరఖాస్తు మొదలుకావాల్సింది ఆ వాక్యం దగ్గరే.

ఆ వాక్యం దాదాపు ప్రతి సీవీలోనూ ఉండడానికి కారణం బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నాటి న్యాయవిద్య నిబంధనలు. మూడేళ్ల కోర్సులో కనీసం 12 వారాలు, ఐదేళ్ల కోర్సులో కనీసం 20 వారాలు ఇంటర్న్‌షిప్ చేయాలని, ఏ ఏడాదిలోనైనా అది ఏకధాటిగా నాలుగు వారాలకు మించరాదని, చదువు పూర్తయ్యేలోగా ఒక్కసారైనా ట్రయల్, అప్పీలు కోర్టుల న్యాయవాదుల వద్ద పనిచేసి తీరాలని అవి చెబుతున్నాయి. ఆచరణలో ఇది ఎలా నడుస్తోందో అందరికీ తెలిసిందే. తెలిసిన వకీలు లెటర్‌హెడ్ మీద నాలుగు ముక్కలు రాయించుకుని, కోర్టు మెట్లెక్కకుండానే ఆ లెక్క పూర్తిచేసేవాళ్లకు కొదవ లేదు. అసలు విచారకరమైన సంగతి అది కాదు. నిజంగా రోజూ కోర్టుకు వెళ్లి, సీనియర్ వెనక ఫైళ్లు మోసి, బెంచ్ క్లర్క్ దగ్గర వాయిదా తేదీలు రాసుకుని, సర్టిఫైడ్ కాపీల కోసం కాపీ అప్లికేషన్లు వేసిన విద్యార్థి కూడా, కార్పొరేట్ సంస్థకు రాసేటప్పటికి ఆ అనుభవాన్ని చిన్నతనంగా భావించి దాచేస్తాడు.

దరఖాస్తులు ఎవరు చదువుతారు, ఎలా చదువుతారు అన్నది ముందు చూడాలి. పెద్ద సంస్థలు చాలావరకు తమ వెబ్‌సైట్లలోనే ఫారాలు పెట్టి, నెలల ముందుగానే దరఖాస్తులు తీసుకుంటాయి. తొలి వడపోతలో కాలేజీ పేరు, మార్కులు, చదువుతున్న సంవత్సరం పనిచేస్తాయి. 1998లో హైదరాబాద్‌లో ఏర్పడిన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలోనో, 2008లో విశాఖపట్నంలో ఏర్పడిన దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయంలోనో చదివే విద్యార్థికి సీనియర్ల పరిచయాలు, ప్లేస్‌మెంట్ కమిటీల ఉత్తరప్రత్యుత్తరాలు అండగా ఉంటాయి. రాష్ట్ర న్యాయ ప్రవేశ పరీక్ష లాసెట్ రాసి ఉస్మానియాలోనో ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనో, జిల్లా కేంద్రంలోని ప్రైవేటు కాలేజీలోనో చేరిన విద్యార్థికి ఆ అండ తక్కువ. ఎంత గొప్పగా రాసిన దరఖాస్తు అయినా ఈ తేడాను పూర్తిగా పూడ్చలేదు; పూడుస్తుందని చెప్పేవాళ్లు సాధారణంగా ఏదో కోర్సు అమ్ముతుంటారు. పైగా నాలుగో, ఐదో సంవత్సరంలో చేసే ఇంటర్న్‌షిప్ చాలా సంస్థల్లో పీపీఓకు, అంటే చదువు ముగియకముందే వచ్చే ఉద్యోగ ప్రతిపాదనకు, ముందుమెట్టు. తలుపు దగ్గరే ఆగిపోయినవాడు ఆ తర్వాతి మెట్టు కూడా పోగొట్టుకుంటాడు.

కాబట్టి వడపోత దాటి ఒక అసోసియేట్ చేతికో పార్ట్‌నర్ చేతికో వెళ్లిన దరఖాస్తు మీదే విద్యార్థి శ్రద్ధ పెట్టాలి. చేతిలో ఉన్న పనుల మధ్య తీరిక చేసుకుని చదివే ఆ మనిషికి కావలసింది ఆసక్తి ప్రకటన కాదు. రేపు ఈ విద్యార్థికి ఒక ఫైలు ఇస్తే నాకు పని తగ్గుతుందా, పెరుగుతుందా అన్నదే ఆయన ప్రశ్న.

ఈ ప్రశ్నకు మన విద్యార్థి దగ్గర ఎంత మంచి జవాబుందో హైదరాబాద్‌లో జరిగే ఒక సాధారణ పనిని చూస్తే తెలుస్తుంది. నగర శివార్లలో గోదాముల కోసమో, జిల్లాల్లో సౌర విద్యుత్ కేంద్రం కోసమో ఒక కంపెనీ భూమి కొనబోతోంది. పెట్టుబడి ముంబయిది కావచ్చు, సింగపూర్‌ది కావచ్చు. కాగితాలు మాత్రం మన ఊరివే. టైటిల్ సెర్చ్ అంటే సాధారణంగా ముప్పై ఏళ్ల లింకు డాక్యుమెంట్లు (భూమి చేతులు మారిన పాత పత్రాలు), ఈసీలు (రిజిస్టరైన లావాదేవీలు చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్లు), పహాణీలు (ఏటా రాసే రెవెన్యూ రికార్డులు) వరుసగా పేర్చి ఎక్కడ గొలుసు తెగిందో చూడడం. తెలంగాణలో అయితే 1954-55 ఖాస్రా పహాణీ దాకా, తొలి సర్వే నాటి సేత్వార్ రికార్డు దాకా వెనక్కి వెళ్లాలి. 1950 నాటి కౌలుదారీ చట్టం 38-ఇ సెక్షన్ కింద రక్షిత కౌలుదారు ఎవరికైనా యాజమాన్య సర్టిఫికెట్ జారీ అయిందా? ప్రభుత్వం పేదలకు ఇచ్చిన, 1977 చట్టం అమ్మకాన్ని నిషేధించిన అసైన్డ్ భూమా? రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ నిషేధిత జాబితాలో సర్వే నంబరు ఉందా? 2020లో వచ్చిన భూ రికార్డుల పోర్టల్ ధరణిలో నమోదైన పేరుకూ, 2025లో దాని స్థానంలో వచ్చిన భూ భారతిలో కనిపించే పేరుకూ పొంతన ఉందా? ఆంధ్రప్రదేశ్‌కు వెళితే పహాణీ స్థానంలో అడంగల్, దానితోపాటు యజమాని వారీగా భూమి చూపే 1-బి, పాత సర్వే నాటి రీసెటిల్‌మెంట్ రిజిస్టరు ఎదురవుతాయి. వీటిలో పాత రికార్డులు చాలావరకు తెలుగులోనో ఉర్దూలోనో, చేతిరాతలో, ఎవరో గుమస్తా సొంత సంక్షిప్తాలతో ఉంటాయి. దేశంలోని ఏ మేటి విశ్వవిద్యాలయం నుంచి వచ్చినా తెలుగు రాని విద్యార్థి వీటి ముందు దుబాసీ కోసం ఎదురుచూడాల్సిందే. మండల రెవెన్యూ కార్యాలయంలో తాత పాసుపుస్తకం పని మీద తిరిగిన పిల్లవాడికి ఇందులో సగం ముందే తెలుసు. అయినా తన కవర్ లెటర్‌లో అతను సరిహద్దులు దాటిన విలీనాల మీద మక్కువ గురించి రాస్తాడు.

ఇక సీవీలోని ఆ పొడి వాక్యాన్ని దగ్గరనుంచి చూద్దాం. మామూలుగా దాని కింద కనిపించే వివరణ ఇది: ‘వివిధ సివిల్ కేసులపై పరిశోధన చేశాను, ముసాయిదాల తయారీలో సహకరించాను.’ ఇందులో తప్పేమీ లేదు, తెలిసేదీ ఏమీ లేదు. అదే విద్యార్థి అదే నెలలో చేసిన పనిని ఇలా రాయవచ్చు: ‘వ్యవసాయ భూమి విక్రయంపై దాఖలైన దావాలో, 1978 నుంచి ఉన్న ఆరు లింకు డాక్యుమెంట్లను ఈసీతో పోల్చి తేదీల పట్టిక తయారుచేశాను, రెండు పత్రాల మధ్య సర్వే నంబరు ఉపవిభజనలో తేడాను గుర్తించి, సీనియర్‌కు రెండు పేజీల నోట్ ఇచ్చాను.’ అసలు సీవీ ఇంగ్లిష్‌లోనే ఉంటుంది, కానీ సూత్రం మారదు. రెండో వివరణలో పని ఉంది, దాని పరిమాణం ఉంది, చేతికొచ్చిన ఫలితం ఉంది. అన్నిటికన్నా ముఖ్యంగా అది చదివినవారికి ఒక ప్రశ్న అడగాలనిపిస్తుంది: ఆ తేడా ఎలా పట్టుకున్నావు? ఇంటర్వ్యూ అక్కడ మొదలైతే విద్యార్థి తనకు బాగా తెలిసిన నేల మీద నిలబడి మాట్లాడతాడు. ఇలా రాయాలంటే కోర్టులో ఉన్న నెలలోనే ఒక చిన్న డైరీ పెట్టుకుని, ఏ రోజు ఏ పత్రం చదివాడో, ఏం రాశాడో గుర్తుపెట్టుకోవాలి. ఆరు నెలల తర్వాత జ్ఞాపకం మీద ఆధారపడితే మళ్లీ ఆ ‘వివిధ సివిల్ కేసులే’ మిగులుతాయి.

ఇక్కడే ఒక జాగ్రత్త అవసరం. వివరంగా రాయమన్నారు కదా అని కక్షిదారు పేరు, కేసు నంబరు, కొనుగోలు ధర సీవీలో పెట్టేవాళ్లున్నారు. గత సంస్థలోని రహస్యాన్ని ఈ సంస్థకు చెప్పిన విద్యార్థి ఈ సంస్థ రహస్యాన్ని రేపు ఇంకెవరికో చెబుతాడని చదివేవారికి వెంటనే తోస్తుంది. ‘ఒక ఔషధ తయారీ కంపెనీ తరఫున’, ‘నగర శివారులో ఒక స్థిరాస్తి వివాదంలో’ అంటే చాలు. గోప్యత పాటించడం తెలుసని వేరే వాక్యం రాయనక్కర్లేకుండానే అది రుజువవుతుంది.

కవర్ లెటర్‌కు వస్తే, ఆ సంస్థనే ఎందుకు ఎంచుకున్నారన్న భాగం దగ్గర అందరూ తడబడతారు. బార్ కౌన్సిల్ 36వ నిబంధన న్యాయవాదుల ప్రచారాన్ని నిషేధించడం వల్ల మన సంస్థల వెబ్‌సైట్లు ఆచితూచి మాట్లాడతాయి. అక్కడి మాటలనే తిప్పి రాస్తే ఉత్తరం కూడా అంతే చప్పగా ఉంటుంది. కానీ ఎవరు ఏ పని చేస్తున్నారో బహిరంగ పత్రాల్లోనే దొరుకుతుంది. పబ్లిక్ ఇష్యూకు వచ్చే పెద్ద కంపెనీలు మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీకి ఇచ్చే ముసాయిదా ప్రాస్పెక్టస్‌లో, ఇష్యూకు న్యాయ సలహాదారులుగా ఉన్న సంస్థల పేర్లు రాసి ఉంటాయి. జాతీయ కంపెనీ లా ట్రైబ్యునల్ (ఎన్‌సీఎల్‌టీ) హైదరాబాద్, అమరావతి బెంచ్‌ల ఉత్తర్వుల మొదటి పేజీలో ఎవరి తరఫున ఎవరు హాజరయ్యారో ఉంటుంది. హైకోర్టు తీర్పుల్లోనూ అంతే. ఒక దివాలా పరిష్కార కేసు ఉత్తర్వును నిజంగా చదివి, రుణదాతల కమిటీ నిర్ణయంపై ట్రైబ్యునల్ ఎంతవరకు జోక్యం చేసుకోవచ్చన్న అంశం తనను ఎందుకు ఆలోచింపజేసిందో మూడు వాక్యాల్లో రాస్తే, ‘అగ్రశ్రేణి సంస్థ’ అన్న పొగడ్త అవసరమే రాదు. పేర్ల విషయంలో మాత్రం కళ్లు తెరుచుకుని రాయాలి. పాత అమర్‌చంద్ సంస్థ 2015లో రెండుగా చీలి సిరిల్ అమర్‌చంద్ మంగళ్‌దాస్, శార్దూల్ అమర్‌చంద్ మంగళ్‌దాస్ అయింది; ఒకరికి రాయాల్సిన ఉత్తరంలో ఇంకొకరి పేరు రాస్తే, తర్వాతి పేరాలో ఎంత పాండిత్యమున్నా దాన్ని చదివే ఓపిక ఎదుటివారికి ఉండదు.

రచనా నమూనా అడిగే సంస్థలకు చాలామంది సెమిస్టర్ ప్రాజెక్టును యథాతథంగా పంపుతారు. అరవై పేజీల ఆ ప్రాజెక్టులో సొంత మాట ఎన్ని పేజీల్లో ఉందో రాసినవారికే తెలియాలి. దానికి బదులు ఒకే ప్రశ్న తీసుకుని నాలుగు పేజీల నోట్ రాయడం మేలు. ఉదాహరణకు, ఆంధ్రప్రదేశ్ 2022 భూ యాజమాన్య హక్కుల చట్టం 2024లో రద్దయింది. అది అమల్లో ఉన్న కొద్దికాలంలో మొదలైన చర్యల సంగతేమిటన్న ప్రశ్న మీద సాధారణ నిబంధనల చట్టం ఆధారంగా వాదన కట్టవచ్చు. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చాక కూడా మోసం గురించి రాస్తూ పాత శిక్షాస్మృతిలోని 420వ సెక్షన్ దగ్గరే ఆగిపోయే నోట్లు వస్తున్నాయి. ఆ తేదీకి ముందు జరిగిన నేరానికి పాత శిక్షాస్మృతి, ఆ తర్వాతి దానికి సంహితలోని 318వ సెక్షన్ అని తేడా చూపితే చాలు, రాసినవాడు చట్టాన్ని బతికున్న వస్తువుగా చదువుతున్నాడని తెలుస్తుంది. కృత్రిమ మేధతో రాయించిన నోట్‌లో లేని తీర్పులు ఉన్నట్టు వచ్చే ప్రమాదం గురించి కోర్టులే హెచ్చరిస్తున్నాయి. ఉదహరించిన ప్రతి తీర్పునూ తెరిచి, ఆ పేరా అక్కడ ఉందో లేదో చూడకుండా పంపకూడదు.

మిగతావి చిన్న విషయాలే. సీవీ రెండు పేజీలు దాటనక్కర్లేదు. డబ్బు కట్టి తెచ్చుకున్న ఆన్‌లైన్ ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్లు, ఎవరు పంపినా అచ్చువేసే జర్నళ్లు సీవీని బరువెక్కిస్తాయి తప్ప బలపరచవు. ఏ నెల ఖాళీయో తేదీలతో సహా ఈమెయిల్ మొదటి వరుసలోనే చెప్పాలి. ఒకే ఈమెయిల్‌ను ముప్పై సంస్థలకు కలిపి పంపడం ఎంత అమర్యాదో చెప్పాల్సిన పని లేదనుకుంటాను, అయినా అలాంటివి ఇంకా వస్తూనే ఉన్నాయి.

బాధ్యత విద్యార్థి ఒక్కడి మీదే మోపడం మాత్రం న్యాయం కాదు. నెల రోజులు నగరంలో గది అద్దె, భోజనం భరించగలిగినవారే స్టైపెండ్ లేని ఇంటర్న్‌షిప్‌కు రాగలరు. నల్గొండ, శ్రీకాకుళం పిల్లల దరఖాస్తులు తక్కువగా రావడానికి రాతనైపుణ్యం కన్నా ఇదే పెద్ద కారణం. పేద విద్యార్థులను న్యాయవిద్యలోకి తేవడానికి 2010లో న్యాయశాస్త్ర ఆచార్యుడు షమ్నాద్ బషీర్ మొదలుపెట్టిన ఐడియా (ఐడీఐఏ) వంటి ప్రయత్నాలు కాలేజీ ప్రవేశానికీ, చదువుకూ దారి చూపాయి. ఆ తర్వాతి దారి సంస్థలే వేయాలి. హైదరాబాద్‌లో భూమి, స్థిరాస్తి పని చేసే కార్యాలయాలు ఇందులో దయ చూపాల్సిన అవసరం కూడా లేదు. కాలేజీ పేరు, మార్కులు, మూట్ పోటీలు అడిగే ఫారంలో, చేతిరాతలో ఉన్న తెలుగు, ఉర్దూ రెవెన్యూ రికార్డులు చదవగలరా అన్న గడి ఒకటి చేర్చి, వచ్చినవారికి అద్దెకు సరిపడా స్టైపెండ్ ఇస్తే, బయటి అనువాదకులకు కట్టే డబ్బులో కొంత వాటికే మిగులుతుంది.