వేదిక మీద విల్లు, అడవిలో కేసు

ఆగస్టు 9 వచ్చిందంటే ఏజెన్సీ జిల్లాల నుంచి పత్రికలకు ఒకే రకం ఫొటోలు వస్తాయి. ఆదివాసీ దినోత్సవ సభలో ముఖ్య అతిథికి తలపాగా చుట్టి, చేతికి విల్లంబులు ఇస్తారు. ఆయన బాణాన్ని పైకి గురిపెట్టి కెమెరా వైపు నవ్వుతాడు. పట్టుకున్న తీరు చూస్తేనే అర్థమవుతుంది, మళ్లీ వచ్చే ఏడాది దాకా దాని జోలికి పోడని. ఇందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు, సభలంటే అలాగే ఉంటాయి.

అదే విల్లు భుజాన వేసుకుని ఒక చెంచు తన పెంట (చెంచుల చిన్న గూడెం) నుంచి పక్క పెంటకు నడిచి వెళ్తే లెక్క మారిపోతుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ‘ఆయుధం’ అంటే ఏమిటో చెబుతూ ఒక జాబితా ఇచ్చింది. మందుగుండు, పేలుడు పదార్థాలు, తుపాకులు, విషం, ఉచ్చులు, వలలు ఉన్న ఆ వరుసలోనే విల్లంబులూ ఉన్నాయి. అభయారణ్యంలోకి ఆయుధంతో వెళ్లాలంటే ముందుగా రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలని 31వ సెక్షన్ అంటుంది. మరి అభయారణ్యంలోనే పుట్టినవాడి సంగతి? నల్లమలలోని అప్పాపూర్ లాంటి పెంటలు పులుల అభయారణ్యం మధ్యలో ఉన్నాయి. అక్కడి మనిషికి ‘లోపలికి వెళ్లడం’ అనే మాటకే అర్థం లేదు. ఇక వేట విషయానికొస్తే, జంతువు చావనక్కర్లేదు. గాయపరచినా, తరిమినా, ఆ ప్రయత్నం చేసినా వేటే. అభయారణ్యంలో అయితే కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 7 ఏళ్లు జైలు.

విల్లు కనబడిన ప్రతి చోటా కేసులు పెడుతున్నారని నేను అనడం లేదు. చాలామంది ఫారెస్టు సిబ్బంది చూసీ చూడనట్టు పోతారు. కానీ చూసీ చూడనట్టు పోవడం హక్కు కాదు. రేంజర్ మారితే అదీ మారుతుంది.

కొన్నేళ్ల కిందట అమ్రాబాద్ వైపు ఒక పెంటలో ఓ పెద్దాయన గుడిసె చూరులోంచి తన విల్లు తీసి చూపించాడు. పొగ పట్టి నల్లబడిన వెదురు బద్ద. చెయ్యి పట్టే చోట మాత్రం అరిగి నున్నగా మెరుస్తోంది. దానికి నారి లేదు. పక్కనే మూడు బాణాలు. రెండింటికి ఇనుప ములుకులు, ఒకదానికి మొద్దు మొన. ‘‘అది పిట్టలకు సారూ. ములుకు పెడితే పిట్ట ఏం మిగుల్తది?’’ అన్నాడు. ఎంత దూరం నుంచి కొడతావు పెద్దాయనా అని అడిగితే లేచి, వాకిట్లో ఇరవై అడుగులు వేసి ఆగాడు. ‘‘ఈడిదాంక. ఇంకా అవతల ఉంటే కొట్టొద్దు. పందికి మనం కనబడకముందే మన వాసన తెలుస్తది. గాలి ఎటు కొడుతుందో చూసుకోకుండ పోయినోడు ఉత్త చేతుల్తోనే వస్తడు.’’

వెదురు విల్లుతో వేట ఎందుకు కష్టమో ఆ ఇరవై అడుగుల్లోనే ఉంది. బాణం తుపాకీ గుండులా అక్కడికక్కడ పడగొట్టదు. ములుకు లోపల కోస్తూ పోతే నెత్తురు పోయి జంతువు చస్తుంది. దెబ్బ తగలగానే అది పరుగు తీస్తుంది. వెంటనే వెంటపడితే భయంతో ఇంకా దూరం పోతుంది. అందుకని కాసేపు కదలకుండా కూర్చోవాలి. తర్వాత ఆకుల మీద నెత్తుటి చుక్కలు, విరిగిన గడ్డి, రాయి మీద గిట్ట గీసిన గీత చూసుకుంటూ గంటల తరబడి నడవాలి. చీకటి పడితే జంతువు పోయినట్టే. విల్లు వేటలో బాణం వదలడం ఒక్క క్షణం పని, మిగతాదంతా నడకే. అడవిని చదవడం రాని వాడికి విల్లు ఇచ్చినా వాడు కుందేలును కూడా తేలేడు.

విల్లును చూసి చెంచులు వేట మీదే బతికారని అనుకుంటే అదీ పొరపాటే. 1940ల మొదట్లో అమ్రాబాద్ పీఠభూమిలో చెంచులతో ఉండి, 1943లో వాళ్ల మీద పుస్తకం వేసిన మానవ శాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ అప్పుడే గమనించిన సంగతి ఇది. వాళ్ల కడుపు నింపింది ఎక్కువగా గడ్డలు, దుంపలు, పళ్లు, ఆకులు. వాటిని తవ్వి తెచ్చిన చేతుల్లో ఎక్కువ ఆడవాళ్లవి. మాంసం దొరికిన రోజు పండగ, అంతే. అంటే ఆ ఇంటిని నడిపింది గడ్డలు తవ్వే కర్ర. విగ్రహాలకు, లోగోలకు, సభల్లో ఇచ్చే జ్ఞాపికలకు మాత్రం మనం విల్లునే ఎంచుకున్నాం. తవ్వుకోల పట్టుకున్న చెంచు స్త్రీ విగ్రహం నాకెక్కడా కనబడలేదు. అల్లూరి సీతారామరాజు చేతిలోనూ విల్లే చెక్కుతాం. 1922 ఆగస్టు 22 నుంచి 24 దాకా వరుసగా మూడు రోజులు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద ఆయన మనుషులు పడింది తుపాకుల కోసం. విల్లుతో ఎంత పని అవుతుందో, ఎక్కడ ఆగిపోతుందో వాళ్లకు మనకంటే బాగా తెలుసు.

దేవుళ్ల దగ్గరైతే వేటకు మనకు ఏ అభ్యంతరమూ లేదు. శ్రీకాళహస్తిలో తిన్నడు పంది మాంసం నివేదించి కన్నప్ప అయ్యాడు. అహోబిలంలో చెంచులక్ష్మిని పెళ్లాడిన నరసింహస్వామి సంక్రాంతి వెళ్లగానే పారువేటకు బయలుదేరి వారాల తరబడి ఊళ్లు తిరుగుతాడు. బయలుదేరే ముందు చెంచులు పల్లకీ వైపు బాణాలు వేస్తారు. అల్లుడితో మామగారి వాళ్ల సరసం అది. నల్లమల అడవి అంచునే ఈ ఉత్సవం జరుగుతుంది. దేవుడి వేటకు పోలీసు బందోబస్తు, బావమరిది వేటకు ఫారెస్టు చెక్‌పోస్టు! పాడేరు, అరకు వైపు చైత్రమాసంలో ఇటుకల పండగకు మగవాళ్లు వేటకు వెళ్తారు. ఆడవాళ్లు దారికి అడ్డంగా కర్ర పెట్టి బండ్లు ఆపి డబ్బులు అడుగుతారు. ఉత్త చేతులతో తిరిగొచ్చిన మగాళ్లను ఆటపట్టిస్తారు. ఇప్పుడు ఆ కొండల్లో వేటాడటానికి మిగిలిందెంతని? వేట పేరుకే ఉంది, దారి మీద కర్ర మాత్రం గట్టిగా ఉంది.

మరి అడవి జంతువులను ఇవాళ చంపుతున్నది ఏమిటి? రెండు రాష్ట్రాల్లోనూ పల్లెల్లో ఎవరినడిగినా చెబుతారు: కరెంటు తీగ. పొలం మీదుగా పోయే లైనుకు కొక్కెం తగిలించి, బైండింగ్ వైరును మోకాలి ఎత్తున చిన్న చిన్న గుంజలకు కట్టి, జంతువులు నీళ్లకు వెళ్లే దారి పొడవునా లాగుతారు. కొంతమంది పంట కాపాడుకోవడానికి, కొంతమంది మాంసం అమ్ముకోవడానికి. పందికని పెట్టిన తీగకు దుప్పి పడుతుంది, ఎద్దు పడుతుంది, పులి పడుతుంది. రాత్రి పొలానికి నీళ్లు కట్టడానికి వెళ్లిన మనిషీ పడతాడు. పెట్టినవాడే మర్చిపోయి దాని మీద కాలేసి చచ్చిన వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. ఇది కాక బండి క్లచ్ వైరుతో చేసే ఉచ్చులు, పిండిలో చుట్టి పెట్టే నాటుబాంబులు. నేను చూసిన పెద్దాయన మనవడు ఫారెస్టు బేస్ క్యాంపులో వాచర్. పొద్దున్నే అడవిలో తిరిగి ఉచ్చులు ఏరడం అతని పనుల్లో ఒకటి. ఒక ఉచ్చు నా చేతికిచ్చాడు. యాభై రూపాయలు చేయని వైరు ముక్క. తాత దాన్ని చూసి, ‘‘పెట్టినోడు ఇంట్ల పండుకుంటడు, ఇది మాత్రం తెల్లార్లూ మేలుకుంటది’’ అన్నాడు.

విల్లుకూ తీగకూ తేడా అక్కడే. విల్లుకు ఎదురుగా మనిషి ఉండాలి. ఏ జంతువో, ఆడదో మగదో, పిల్లలున్నాయో లేవో చూసి వదిలెయ్యడానికి వాడికి వీలుంటుంది. రోజంతా తిరిగినా ఒకటి దొరకడమే గొప్ప. తీగకు చూపు లేదు. చట్టం దృష్టిలో రెండూ ఒకే జాబితాలోని వస్తువులు.

ఇక్కడ 2006 అటవీ హక్కుల చట్టం సంగతి చెప్పుకోవాలి. ఆదివాసులకు జరిగిన చారిత్రక అన్యాయాన్ని సరిదిద్దుతున్నామని పీఠికలోనే రాసుకున్న చట్టం అది. తేనె, చింతపండు, వెదురు లాంటి చిన్న తరహా అటవీ ఫలసాయం మీద హక్కు ఇచ్చింది. సంప్రదాయంగా వస్తున్న ఇతర హక్కులన్నీ ఇచ్చి, ఒక్కదాన్ని పేరు పెట్టి మరీ తీసేసింది: వేట. ఉచ్చు వేయడం, జంతువుల శరీర భాగాలు తీయడం కూడా అందులోనే పోయాయి. దేశంలో ఈ విషయంలో మినహాయింపు ఒకటుంది. నికోబార్ దీవుల షెడ్యూల్డ్ తెగలకు అంతకుముందే ఇచ్చిన వేట హక్కులకు తన నిబంధనలేవీ అడ్డు రావని వన్యప్రాణి చట్టం 65వ సెక్షన్‌లో చెబుతోంది. అంటే తెగను, చోటును బట్టి తేడా చూపడం చట్టానికి చేతకాని పనేమీ కాదు.

ఇంకో తమాషా చూడండి. తెలంగాణలో పంటలు పాడుచేసే అడవి పందులను కాల్చడానికి లైసెన్సు తుపాకులున్న షూటర్లకు ప్రభుత్వమే అనుమతులిచ్చింది. తుపాకీతో పట్నం నుంచి జీపులో వచ్చినవాడు అనుమతి ఉన్న నిపుణుడు. విల్లుతో అడవి నుంచి నడిచొచ్చినవాడు వేటగాడు. మన దగ్గర వన్యప్రాణి చట్టం వచ్చిన 1972లోనే అమెరికాలో ఒక చట్టం వచ్చింది. విల్లంబుల అమ్మకం మీద వేసే పన్నును వన్యప్రాణుల సంరక్షణకు మళ్లించాలని. అక్కడ చాలా రాష్ట్రాల్లో జింకల వేటకు తుపాకీ సీజను వేరు, విల్లు సీజను వేరు. టెక్సస్‌లోనో ఒహాయోలోనో ఉన్న మన తెలుగు ఇంజినీర్లకు ఆఫీసులో ఇలా సెలవు పెట్టి వెళ్లే సహోద్యోగులు తెలిసే ఉంటారు. అక్కడ విల్లు వేటను మామూలు వేట కంటే ఓపిక, నైపుణ్యం ఉన్న పనిగా చూస్తారు.

అలాగని మనమూ సీజను పెట్టేద్దామంటే నేను ఒప్పుకోను. అక్కడ జింకలు కోట్లలో ఉన్నాయి, చాలాచోట్ల వాటిని తినే పెద్ద జంతువులు లేవు. నల్లమలలో దుప్పి, కణితి పులి నోటి దగ్గరి కూడు. పైగా విల్లు అనగానే ఒంటరి వేటగాడే గుర్తురావడం కూడా మన కల్పనే. జార్ఖండ్‌లో దల్మా కొండల మీద జరిగే సెంద్రా, బెంగాల్ జంగల్‌మహల్ ప్రాంతంలోని శికార్ లాంటి వేట ఉత్సవాలకు జనం గుంపులు గుంపులుగా వెళ్తారు. బెంగాల్‌లో ఈ వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది. విల్లు చేతిలో ఉన్నంత మాత్రాన వేలమంది ఒకేసారి ఒక చిన్న అడవి మీద పడితే పిల్లి కూడా మిగలదు. గురి తప్పిన బాణంతో రోజుల తరబడి తిరిగే జంతువు బాధ కూడా బాధే. చెంచుల్లోనూ ఉచ్చులు వేసేవాళ్లు ఇప్పుడున్నారు. విల్లు కట్టడం కంటే వైరు మెలిపెట్టడం సులువని వాళ్లకూ తెలుసు.

కాబట్టి నేను అడిగేది చిన్నదే. పులుల అభయారణ్యంలో వేట వద్దు, సరే. అడవిలో బతికేవాడు విల్లు దగ్గర పెట్టుకోవడాన్ని మాత్రం తుపాకీ, నాటుబాంబులతో పాటు జమకట్టొద్దు. 31వ సెక్షన్ కింద అనుమతి ఇచ్చే అధికారం ఇప్పటికే అధికారుల చేతిలో ఉంది. పెంటల వారీగా ఒక్క కాగితం రాసిస్తే రేంజర్ మారినప్పుడల్లా టెన్షన్ ఉండదు. చూపాల్సిన కఠినత్వం కొక్కెం మీద చూపించాలి. ఏ ఊళ్లో ఏ లైను రాత్రిపూట ఉన్నట్టుండి ట్రిప్ అవుతోందో సబ్‌స్టేషన్‌లో ఉన్నవాళ్లకు తెలియనిది కాదు. బేస్ క్యాంపుల్లో పనిచేసే చెంచు వాచర్లకు జీతం నెల నెలా టైముకు ఇవ్వాలి. పులి అడుగును చూసి ఎప్పటిదో చెప్పగల మనిషి తయారవడానికి ఇరవై ఏళ్లు పడుతుంది, అలాంటివాడు రోజు కూలీకి హైదరాబాద్ బస్సెక్కితే మళ్లీ దొరకడు.

ఆ మనవడికి జాడ చూడటం తాత దగ్గరే వచ్చింది. విల్లు వంచి నారి ఎక్కించడం మాత్రం రాదు. తాత విల్లుకు నారి ఎందుకు లేదని వచ్చేటప్పుడు అడిగాను. అంతకుముందు ఆగస్టులో ఏదో సభ ఉందని అడిగి పట్టుకెళ్లారట. అక్కడ ఎవరెవరో పట్టుకుని లాగి ఫొటోలు దిగారట. తిరిగిచ్చేసరికి తెగిపోయి ఉంది. ‘‘మరి ఇంకోటి కట్టుకోలేదా?’’ అన్నాను.

‘‘ఎందుకు సారూ, మళ్లా ఆగస్టుకే గదా’’ అని దాన్ని చూరులో దోపాడు.